వంటయింటిలో త్రాసు

తెలుగువారి పాకశాస్త్రంలో ‘తగినంత’ అన్న మాటకు ఉన్నంత ప్రతిష్ఠ మరి ఏ మాటకూ లేదు. ఉప్పు తగినంత, కారం తగినంత, నీరు తగినంత. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఈ మాట వలన ఏమీ బోధపడదు. ఇరవై సంవత్సరాలు పొయ్యి ముందు నిలిచిన అత్తగారికి ఇంతకంటె స్పష్టమైన మాట మరొకటి లేదు. ఎందుకనగా, తగినంత అనే కొలత గ్రంథంలో లేదు. చేతిలో ఉన్నది, కంటిలో ఉన్నది. పాకం తీగ వచ్చినదా లేదా అన్నది రెండు వ్రేళ్ళ నడుమ తేలుతుంది. అన్నం ఉడికినదా అన్నది ఒక్క మెతుకు చెబుతుంది. పప్పులో ఉప్పు చాలకపోతే వడ్డన వేళ కలుపుకోవచ్చును. పులుసు పలుచనైతే మరికొంతసేపు మరిగించవచ్చును. దిద్దుకొనడానికి వీలున్న వంట గనుకనే తగినంతతో ఇన్ని తరాలు సుఖంగా సాగినది.

అట్టి దిద్దుబాటుకు ఏమాత్రమూ చోటియ్యని వంటకం చాక్లెట్ స్పాంజి కేకు. పాత్రను పొయ్యిలో పెట్టి తలుపు మూసిన తరువాత దానికి చక్కెర కలపడానికి గాని, పిండి పలుచన చేయడానికి గాని ఎవరికీ అధికారం లేదు. పొంగితే పొంగినది, కుంగితే కుంగినది. అరగంట ముందు త్రాసులో జరిగిన న్యాయమే అరగంట తరువాత పళ్ళెంలో కనబడుతుంది. హైదరాబాదు తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం వాడలలో ఈ కేకు నేడు ఇంటి వంటకమైనది. పుట్టినరోజుకు చేసేవారున్నారు, క్రిస్మస్‌కు చేసేవారున్నారు, ఆర్డర్లు తీసుకొని అమ్మేవారున్నారు. చూడబోతే ఇది చిన్న విషయం. కాని దీని వెంట వంటయింటిలోకి ఒక కొత్త వస్తువు ప్రవేశించినది. అది కోకో పొడి కాదు, ఓవెన్ కాదు, త్రాసు. ఆ త్రాసు ఏయే వస్తువులను తూచగలదో, ఇంతవరకు దేనిని తూచకుండా వదలినదో విచారించడం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నిష్ప్రయోజనం కాదు.

కొలతల దారి

తార్నాక నుండి ఉప్పల్ దాకా పోయే దారిని కొలతల దారి అనవచ్చును. తార్నాక వద్ద జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918 లో కూనూరులో ఒక్క గది పరిశోధనశాలగా పుట్టి, 1958 లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థ, భారతీయులు తినే పదార్థాలలో మాంసకృత్తులెన్ని, పిండిపదార్థమెంత, ఇనుమెంత అని కొలిచి పట్టికలు వేసినది. 2017 లో వెలువడిన పట్టికలో 528 పదార్థాల లెక్క ఉన్నది. ఆ చేరువలోనే రసాయన సాంకేతిక సంస్థ. హబ్సిగూడ వద్ద జీవకణాలను శోధించే సి.సి.ఎం.బి.; దానికి పొరుగున, 1961 లో స్థాపితమై భూమి కంపనాలను, భూగర్భాన్ని కొలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. ఇంకా ముందుకు పోతే ఉప్పల్‌లో, నేలను కొలిచి పటం గీయడం నేర్పే భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ. హబ్సిగూడ కూడలిలో ఎడమకు తిరిగితే నాచారం, అక్కడి పారిశ్రామిక వాడ. అక్కడ ఇనుమునైనా మందునైనా తూనికలు, కొలతలు లేకుండా తయారు చేయడానికి వీలులేదు.

ఇన్ని కొలతలు తెలిసిన దారిలో వంటయిండ్లు మాత్రం చాలాకాలం తగినంత మీదనే నడిచినవి. అది అజ్ఞానం కాదు. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అని మెట్టుమెట్టుగా కొలిచిన జాతికి కొలత తెలియదనడం సాహసమే. 1956 నాటి చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుండి దేశంలో మెట్రిక్ తూకాలు ప్రవేశించినప్పుడు అంగడిలో శేరు పోయి కిలో వచ్చినది. అంగడి మారినంత త్వరగా పొయ్యి మారలేదు. బియ్యాన్ని కిలోలలో కొని తెచ్చినా, ఇంట్లో గ్లాసుతోనో దోసిలితోనో కొలిచి ఎసట్లో పోయడమే అలవాటు. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ వంటి పుస్తకాలు పలుమార్లు అచ్చయి, వంటను కాగితం మీద చూచి నేర్చుకోవడం తెలుగు స్త్రీలకు అలవాటు చేసినవి. కాని గ్రాములలో తూచి వండడమన్నది కేకుతోనే ఇండ్లలోకి వచ్చినది.

బట్టీ నుండి ఇంటికి

కేకు ఈ తూర్పు వాడలకు హఠాత్తుగా వచ్చినది కాదు. 1806 లో ఇంగ్లీషువారి దండు స్థావరంగా సికింద్రాబాదు వెలసినది. 1893 లో నిజాం రైల్వేవారి కార్ఖానా లాలాగూడలో నెలకొన్నది. దాని చుట్టూ మెట్టుగూడ, లాలాగూడలలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వారి పొరుగున తెలుగు క్రైస్తవ కుటుంబాలు నివసించినవి. నాచారానికి లాలాగూడ దూరం కాదు. డిసెంబరు వచ్చినదంటే గ్రుడ్లు, వెన్న, చక్కెర, మైదా మూటగట్టుకొని వాడలోని బేకరీకి పోయి, కట్టెల బట్టీలో కేకు కాల్పించుకొని రావడం ఆ కుటుంబాల ఆచారం. సరుకు ఇంటిది, నిప్పు బేకరీది. కేకు బేకరీ పనివాని చేతిలో ఉన్నన్నాళ్ళు దాని మర్మం కూడా అతని చేతిలోనే ఉండిపోయినది. 1948 లో నాంపల్లిలో సుభాన్ బేకరీ, 1953 లో మొజంజాహి మార్కెట్ వద్ద కరాచీ బేకరీ వెలసిన తరువాత నగరంలో కేకు కొని తినడం సామాన్యమైనది. చేసుకొని తినడం మాత్రం కాలేదు.

చిన్న విద్యుత్ ఓవెన్లు మధ్యతరగతి ఇండ్లకు రావడంతో బట్టీ మర్మం మెల్లగా బయటపడినది. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైన రోజులలో అది పూర్తిగా ఇంటి విద్య అయినది. బేకరీలు మూతపడినవి, పిల్లల పుట్టినరోజులు మాత్రం ఆగలేదు. ఓవెన్ ఉన్నవారు ఓవెన్‌లో, లేనివారు కుక్కరులో ప్రయత్నించినారు. అనేకుల తొలి కేకు ఇటుకవలె గట్టిగా వచ్చి ఉంటుంది. రెండవసారి త్రాసు కొన్నవారికి, మొదటిసారి జరిగిన పొరపాటు ఏమిటో అర్థమైనది.

పొరపాటు చాలావరకు గ్లాసులో ఉన్నది. మైదాను చెంచాతో వదులుగా పోసి అంచుకు సరిగా గీస్తే 240 మిల్లీలీటర్ల గిన్నెలో సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే గిన్నెను పిండి డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 గ్రాములు దాటుతుంది. ఒకే గిన్నె, ఒకే చేయి. నాలుగింట ఒక వంతు తేడా. అమెరికాలో 1896 లో బోస్టన్ వంట పాఠశాల గ్రంథం వ్రాసిన ఫానీ ఫార్మర్, గిన్నెను అంచుకు సరిగా గీసి కొలవవలెనని పట్టుబట్టి ప్రసిద్ధురాలైనది ఇందుకే. గీసి కొలిచిన దానికంటె తూచినది మరింత నమ్మదగినది.

నురుగులోని న్యాయం

స్పాంజి కేకు ఇతర కేకుల వంటిది కాదు. వెన్న కేకులో వెన్న, చక్కెర కలిపి నురిపిన గాలికి బేకింగ్ పౌడరు తోడవుతుంది. అసలైన స్పాంజిలో పొంగించే మందు ఏదీ లేదు. కోడిగ్రుడ్ల నురుగులో చిక్కిన గాలి, పిండిలోని తడి నుండి పుట్టిన ఆవిరి, ఈ రెండే దానిని లేపుతాయి. ఇంగ్లీషులో అచ్చయిన తొలి స్పాంజి కేకు విధానం 1615 నాటి గెర్వేస్ మార్కమ్ గ్రంథంలో ఉన్నదని చెబుతారు. బేకింగ్ పౌడరు అప్పటికి పుట్టనే లేదు.

ఈ సూత్రం తెలుగు ఇల్లాలికి కొత్తది కాదు. గారెల పిండి సరిగా నలిగినదా లేదా అని తెలుసుకొనడానికి చిన్న ముద్దను నీటిలో వేసి చూస్తారు. తేలినదా, పిండిలో గాలి చేరినది. గారె గుల్లగా వస్తుంది. మునిగినదా, ఇంకా రుబ్బవలెను. మినుములలోని మాంసకృత్తులు గాలిని పట్టి ఉంచినట్లే గ్రుడ్డులోని మాంసకృత్తులు గాలిని పట్టి ఉంచుతాయి. తేడా అంతా మోతాదులో ఉన్నది.

ఎనిమిది అంగుళాల గుండ్రని పాత్రకు సరిపడే స్పాంజికి కావలసినవి ఇవి: నాలుగు గ్రుడ్లు, చక్కెర 120 గ్రాములు, మైదా 100 గ్రాములు, కోకో పొడి 20 గ్రాములు, కరిగించిన వెన్న 30 గ్రాములు. తెల్ల స్పాంజికి మైదా 120 గ్రాములు వేస్తారు. చాక్లెట్ స్పాంజికి అందులో 20 గ్రాములు తగ్గించి కోకో వేస్తారు. కోకోను అదనంగా వేయరాదు. అది తడిని పీల్చుకొనే స్వభావం గలది. మైదా తగ్గించకుండా వేస్తే కేకు పొడిబారి పగులుతుంది.

గ్రుడ్లూ చక్కెరా ఉన్న గిన్నెను వేడినీటి పాత్ర మీద నిలిపి, గోరువెచ్చన కాగానే దించి గిలకొట్టవలెను. విద్యుత్ కవ్వంతో ఏడెనిమిది నిమిషాలు. చేతితో అయితే మూడింతల శ్రమ. మిశ్రమం మూడింతలు పెరిగి, పాలిపోయిన రంగుకు వచ్చి, కవ్వం పైకెత్తితే జారిన తీగ కొన్ని క్షణాల పాటు పైననే నిలిచి కనబడవలెను. ఇక్కడ మళ్ళీ కన్నే సాక్షి. త్రాసుకు ఈ పని చేతగాదు. తరువాత మైదా, కోకో రెండింటినీ కలిపి రెండుసార్లు జల్లించి, మూడు విడతలుగా చల్లి, గరిటెతో అడుగు నుండి పైకి మడతపెట్టినట్లు కలపవలెను. ఇక్కడ తొందరపడి గిరగిర త్రిప్పినవారు రెండు నష్టాలు పొందుతారు: పట్టిన గాలి పోతుంది, మైదాలోని జిగురు సాగి కేకు రబ్బరువలె అవుతుంది. రొట్టెకు మేలు చేసే జిగురే కేకుకు కీడు చేస్తుంది. వెన్నను నేరుగా పోయక, కొద్ది పిండిలో ముందు కలిపి ఆ మీదట మొత్తంలో కలిపితే అది అడుగుకు జారిపోదు.

ఓవెన్‌ను ముందుగా 180 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేసి, పాత్రను 25 నుండి 30 నిమిషాలు ఉంచవలెను. లోపల వేడికి గాలి వ్యాకోచిస్తుంది, నీరు ఆవిరవుతుంది, నురుగు గోడలు సాగుతాయి. ఆ గోడలు గట్టిపడక ముందే తలుపు తీస్తే చల్లగాలి తగిలి కేకు కుంగిపోతుంది. అందుచేత తొలి ఇరవై నిమిషాలు తలుపు తీయరాదు. చివర సన్నని పుల్ల గ్రుచ్చి చూస్తే తడి అంటకుండా రావలెను. మెతుకు పట్టి చూచిన న్యాయమే ఇదీ; అయితే పుల్ల గ్రుచ్చవలసినది అంచున కాదు, నడిమిలో. అన్నిటికంటె ఆలస్యంగా ఉడికేది అదే.

పెరుగు, సోడా, ఇసుక

గ్రుడ్డు తినని ఇండ్లు ఈ వాడలలో తక్కువ కావు. వారి కేకులో నురుగు పని పెరుగు, వంటసోడా కలిసి చేస్తాయి. పెరుగులోని పులుపు సోడాతో కలియగానే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు పుడుతుంది. ఇడ్లీపిండిలో రాత్రంతా సూక్ష్మజీవులు చేసే పనిని ఇది నిమిషాలలో చేస్తుంది. అందువలన కలిపిన వెంటనే పొయ్యిలో పెట్టవలెను. ఆలస్యమైతే వాయువు గాలిలో కలిసిపోతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, తక్కువైతే పిండి లేవదు. 1843 లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి, ఈస్టు పడని తన భార్య కోసం సోడానూ పులుపునూ పొడిగా కలిపి బేకింగ్ పౌడరు తయారుచేసినాడు. ఒక ఇల్లాలి అజీర్తి లోకమంతటికీ ఉపకారమైనది.

ఓవెన్ లేనివారి ఉపాయం పాతది. అడుగు మందమైన పాత గిన్నెలో రెండు అంగుళాల మందం ఇసుక గాని, ఉప్పు గాని పరచి, పైన చిన్న పీట నిలిపి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, కేకు పాత్రను పీట మీద ఉంచుతారు. కుక్కరును వాడేవారు దాని రబ్బరును, విజిల్‌నూ తీసివేయవలెను. లోపల నీరు లేని కుక్కరును బిగించడం ప్రమాదం. ఇసుక వేడిని పట్టి, సమంగా నెమ్మదిగా విడుస్తుంది. మన పెద్దలు దిబ్బరొట్టెను మందపాటి గిన్నెలో వేసి, క్రింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాల్చినదీ ఈ తర్కంతోనే. ఓవెన్ అన్నది పేరుకు పరదేశి, పని పరిచితమే. అయితే ఇసుక పొయ్యి ఎన్ని డిగ్రీల వేడి మీద ఉన్నదో చెప్పదు. కేకుకు అరగంటకు బదులు ముప్పావుగంట పట్టవచ్చును. పుల్ల చెప్పినదే తీర్పు.

కోకో పండించిన నేల

ఇక కోకో సంగతి. చాక్లెట్ అనగానే స్విట్జర్లాండు గుర్తుకు రావడం అలవాటు. కోకో మాత్రం ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో కాస్తున్నది. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఈస్టిండియా కంపెనీవారు 1798 లో కుర్తాళంలో ఈ చెట్టును నాటించినారు. కాని పంటగా నిలదొక్కుకున్నది 1965 లో కేరళలోని వయనాడులో కాడ్బరీ కంపెనీ ప్రారంభించిన సాగు తరువాతనే. లిన్నేయస్ ఈ చెట్టుకు ‘దేవతల ఆహారం’ అన్న అర్థం గల పేరు పెట్టినాడు. దేవతల ఆహారమైనా దానికి మనిషి చాకిరీ తప్పదు. కాండానికే కాసే కాయలను కోసి, పగులగొట్టి, గుజ్జుతో కూడిన గింజలను ఐదారు రోజులు పులియబెట్టి, ఎండలో తేమ ఏడు శాతానికి తగ్గే దాకా ఆరబెట్టవలెను. పులియని గింజను ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. ఇడ్లీకి వలెనే చాక్లెట్‌కూ పులుపే పునాది.

గింజలో సగానికి పైగా కొవ్వు. 1828 లో హాలెండులో వాన్ హౌటెన్ పేర పేటెంటు పొందిన యంత్రం ఆ కొవ్వును పిండి వేరు చేసినది. మిగిలిన చెక్కను దంచితే కోకో పొడి. ఒక కాయలో ముప్పై నలుబది గింజలు. ఎండిన గింజ ఒక్కింటి బరువు సుమారు ఒక గ్రాము. పొట్టు తీసి, కొవ్వు పిండగా లెక్కవేస్తే, ఇంతకు ముందు చెప్పిన కేకులోని 20 గ్రాముల కోకోకు ఒక కాయ చాలదు, రెండు కాయలు అక్కరలేదు. కిలో గింజలకు రైతుకు 500 రూపాయలు వచ్చినవనుకుంటే, ఆ కేకులో అతని వాటా సుమారు 22 రూపాయలు. ఈ లెక్కను తరగతిలో పిల్లల చేత చేయించవచ్చును.

ఆ వాటా కూడా స్థిరం కాదు. ఐవరీ కోస్టు, ఘనా దేశాలు రెండూ కలిసి లోకపు కోకోలో సగానికి పైగా పండిస్తాయి. అక్కడ వాతావరణం వికటించి, చెట్లకు తెగులు సోకడంతో, 2023 ఆరంభంలో టన్ను 2,500 డాలర్ల ప్రాంతంలో ఉన్న ధర 2024 మార్చిలో 10,000 డాలర్లు దాటినది; అదే సంవత్సరం డిసెంబరులో 12,000 కూడా దాటినది. 2025 లో మళ్ళీ పడిపోయినది. ఏలూరు ప్రాంతపు రైతులు గిట్టుబాటు ధర కోసం ఆందోళనకు దిగినారు. ఘనాలో కురిసిన వానకూ గోదావరి రైతు ఆదాయానికీ, నాచారంలోని వంటయింటి ఖర్చుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నదని భూగోళ పాఠంలో చెబితే పిల్లలు మరచిపోరు.

ధర పెరిగినప్పుడు అంగడిలో మరొక వస్తువు బలం పుంజుకొంటుంది. దానిని ‘కాంపౌండ్’ అంటారు. చూడడానికి చాక్లెటే, కాని కోకో వెన్నకు బదులు అందులో వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. చవక, పని సులువు, ఎండకు త్వరగా కరగదు. వాడడం నేరం కాదు; వాడి, చాక్లెట్ అని చెప్పడం సత్యం కాదు. పొట్లం మీది చిన్న అక్షరాలు చదివే అలవాటే ఇందుకు మందు. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతానికి మించరాదని 2022 జనవరి నుండి ప్రభుత్వం కట్టడి చేసినది. ఆ కట్టడి ఎందుకు వచ్చినదో తెలిసినవారు చిన్న అక్షరాలను తేలికగా తీసుకొనరు.

తూకానికి రాని వస్తువు

ఉప్పల్, నాచారం కాలనీలలో కేకులు చేసి అమ్మే స్త్రీలలో గృహిణులున్నారు, ఉద్యోగం మానుకొన్నవారున్నారు. వారి త్రాసు మైదాను ఒక గ్రాముకు తేడా లేకుండా తూస్తుంది. ధర చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం అదే చేయి మళ్ళీ తగినంతకు పోతుంది. గ్రుడ్ల ఖర్చు, వెన్న ఖర్చు, కోకో ఖర్చు కూడి, దాని మీద ఏదో కొంత వేసి చెబుతారు. 1500 వాట్ల ఓవెన్, ముందు వేడి చేయడంతో కలిపి నలుబది నిమిషాలు నడిస్తే గరిష్ఠంగా ఒక యూనిట్ విద్యుత్తు. అది లెక్కలోకి రాదు. అట్టపెట్టె, కుంగిపోయి పారవేసిన కేకు, పాత్రలు తోమిన సమయం, ఓవెన్ అరుగుదల లెక్కలోకి రావు. అన్నిటికంటె పెద్దది, రెండు మూడు గంటల శ్రమ. అది ఎన్నడూ లెక్కలోకి రాదు. “ఇంట్లోనే ఉండి చేస్తున్నారు గదా, బేకరీ ధర ఎందుకు?” అని కొనేవారు అడుగుతారు. అడిగించుకొన్నవారు కూడా, నిజమే గదా అనుకుంటారు.

తెలుగు ఇంటిలో స్త్రీ చేసే పనికి వెల కట్టకపోవడం అనాదిగా వస్తున్నది. వెల కట్టని పని ప్రేమ అనిపించుకొంటుంది; అంతవరకు మంచిదే. కాని ఆ పనిని అంగడిలో పెట్టినప్పుడు కూడా ప్రేమ అనే పేరు మీద వెల తగ్గించడం న్యాయం కాదు. కొలత తెలిసినది గనుకనే ఆమె కేకు పొంగినది. శ్రమను కూడా కొలిస్తేనే ఆమె బ్రతుకు పొంగుతుంది. గంటకు ఇంత అని వ్రాసుకొనే చిన్న పద్దు పుస్తకం, ఓవెన్ కంటె తక్కువ అవసరమైన సాధనం కాదు.

ప్రభుత్వం కూడా ఈ పనిని పనిగా గుర్తించినది. 2006 నాటి ఆహార భద్రతా చట్టాన్ని అనుసరించి వచ్చిన 2011 నిబంధనలు, ఏటా 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న తయారీదారులు సంవత్సరానికి 100 రూపాయల రుసుముతో నమోదు చేసుకొనవలెనని నిర్దేశించినవి. ఇది భారమని కొందరనవచ్చును. కాని పేరు నమోదయిన చోట పరిశుభ్రత బాధ్యత అవుతుంది. చేసే మనిషి గృహిణి మాత్రమే కాక తయారీదారు కూడా అవుతుంది. కాగితం మీద పేరెక్కడమూ ఒక కొలతే.

ముక్క ఎంత?

చివరి తూకం తినేవారిది. పై కేకులో చక్కెర 120 గ్రాములు. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు 15 గ్రాములు. చేర్చిన చక్కెర మొత్తం శక్తిలో పది శాతం లోపు ఉండవలెననీ, ఐదు శాతానికి, అనగా పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములకు, తగ్గితే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో సూచించినది. కాబట్టి ఒక ముక్కతో రోజు మోతాదులో సగానికి పైగా తీరినట్లే. పైన క్రీము, చక్కెర పూత పూస్తే ఆ ముక్కతోనే మోతాదు దాటవచ్చును. పోషకాహార సంస్థ పొరుగున నివసించేవారికి ఈ లెక్క పరాయిది కారాదు. అంగడి కేకు మీద ఈ లెక్క వేయడం కష్టం. ఇంటి కేకు మీద సులువు. ఎందుకనగా చక్కెర తూచినది మన చేయే. కేకు తినవద్దని చెప్పడం కంటె, ఎంత తిన్నారో తెలిసి తినమని చెప్పడం పిల్లలకు ఎక్కువ మేలు.

పాఠశాలలో విజ్ఞానశాస్త్రం ఒక గదిలో, గణితం ఒక గదిలో, సాంఘికశాస్త్రం మరొక గదిలో ఉంటాయి. కేకులో ఈ మూడూ ఒకే పాత్రలో ఉన్నవి. నురుగులో మాంసకృత్తుల స్వభావం, సోడాలో ఆమ్లక్షార సంయోగం, ముక్కలో భిన్నాలు, ధరలో లాభనష్టాలు, కోకోలో భూగోళం. ప్రయోగశాల లేని పాఠశాలలున్నవి గాని వంటయిల్లు లేని ఇల్లు లేదు. ఇంటి పనిగా, అబ్బాయికీ అమ్మాయికీ భేదం లేకుండా, ఇటువంటి ఒక్క వంటకాన్ని తూచి చేసి, తూకాలూ ఖర్చులూ పట్టిన సమయమూ వ్రాసుకొని రమ్మంటే చాలు. కుంగిపోయిన కేకు తెచ్చిన పిల్లవానికి, ఎందుకు కుంగినదో చెప్పగలిగితే, పొంగిన కేకు తెచ్చిన వానితో సమానంగా మార్కులు వేయవచ్చును.

ఇంతకూ త్రాసు వచ్చినంత మాత్రాన తగినంత పోవలసిన పనిలేదు. కవ్వం నుండి జారే తీగను చూచి ఇక చాలునని చెప్పేది ఈనాటికీ కన్నే. పుల్ల తడిని తెలుసుకొనేది వ్రేలే. అత్తగారి చేతిలోని విద్య ఆమెతోనే వెళ్ళిపోయే ప్రమాదమున్నది. తూచి వ్రాసిన విద్య ముక్కూ మొగమూ ఎరుగని వారికి కూడా అందుతుంది. ఆ రెంటినీ ఒక ఇంట కూర్చినదే ఈ కేకు చేసిన ఉపకారం. పిండిని తూచడం అందరూ నేర్చినారు. పిండి కలిపిన చేతి శ్రమనూ, గింజ ఎండబెట్టిన రైతు శ్రమనూ అదే శ్రద్ధతో తూచడం ఇక నేర్వవలసి ఉన్నది.